పంతులు నిలిస్తేనే బంధం నిలుస్తుంది

(విశాఖపట్నంలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న గురుపూజోత్సవ సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



గురువు గురించి మాట్లాడమంటే ముందు ఒక శ్లోకం చదవడం మన సభల్లో ఆనవాయితీ. నేను శ్లోకం చదవను. గురువు దేవుడని కూడా అనను. దేవుడని అన్న మరుక్షణం మనకు పని తప్పిపోతుంది. దేవుడికి జీతం అడగనక్కర లేదు, పోస్టు అడగనక్కర లేదు, ఏడాదికోసారి ఒక దండ వేస్తే సరిపోతుంది. మన పంతుళ్ల విషయంలో జరుగుతున్నది అదే. కాబట్టి గురువును మనిషిగానే చూద్దాం. ఒక మనిషి ఇంకొక మనిషికి నాలుగేళ్లో ఐదేళ్లో పాఠం చెబితే, ఆ ఇద్దరి మధ్య నలభై ఏళ్లు నిలిచే బంధం ఎట్లా పుడుతుంది? ఎప్పుడు పుడుతుంది? ఎప్పుడు పుట్టకుండా పోతుంది? ఈ మూడు ప్రశ్నలే ఈరోజు నా ప్రసంగం.

ఈమధ్య ఏ ఊరికి పోయినా పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాలు జరుగుతున్నాయి. ఫ్లెక్సీ కడతారు, సార్లకు శాలువాలు కప్పుతారు, మెమెంటో ఇస్తారు, గ్రూపు ఫొటో దిగుతారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఒకటి గమనించారా? శాలువా కప్పించుకున్న సారు దాన్ని తీసి పక్కన పెట్టి, ఎదుట నిలబడ్డ మనిషి ముఖంలోకి చూసి మొదట అడిగేది, 'నువ్వు ఫలానా వాళ్ల అబ్బాయివి కదా, ఇప్పుడేం చేస్తున్నావు?' అని. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఇంటిపేరుతో గుర్తుపెట్టుకుంటారు. శాలువా కంటే విలువైనది ఆ గుర్తు. అది ఒక్కరోజులో వచ్చేది కాదు. ఒకే బడిలో, ఒకే ఊళ్లో, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వరసగా పాఠం చెప్పిన పంతులుకే అది వస్తుంది.

గురుభక్తి కథ కూడా మనకు ఒకటుంది, ఏకలవ్యుడిది. దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క పాఠం చెప్పని గురువు బొటనవేలు దక్షిణగా అడిగాడు. ఇచ్చినవాణ్ని మహాభక్తుడని పొగిడారు. అడిగినవాణ్ని ఎవరూ నిలదీయలేదు. అట్లాంటి బంధం మనకు అక్కర లేదు. ఇవ్వడం ఒకవైపే ఉంటే దాన్ని బంధం అనరు, వసూలు అంటారు. రెండువైపులా ఇచ్చిపుచ్చుకున్న బంధం ఎట్లా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర లేదు. ఈ విశాఖ ఊళ్లోనే, వాల్తేరు గుట్ట మీదనే ఉంది.

వాల్తేరు నేర్పిన పాఠం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 ఏప్రిల్ 26న పుట్టింది. మొదట బెజవాడలో ఉండి, 1930లో వాల్తేరుకు వచ్చింది. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. బ్రిటిష్ సర్కారు దమననీతికి నిరసనగా 1930లో ఆయన పదవి వదులుకుంటే, 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. జైపూర్ మహారాజు విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇచ్చే ఏర్పాటు చేశారు. సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. అంటే కింద సముద్రం ఒడ్డున ఓడలకు జాగా సిద్ధమవుతున్న ఏళ్లలోనే, పైన గుట్ట మీద పిల్లలకు ప్రయోగశాలలు సిద్ధమవుతున్నాయి.

రాధాకృష్ణన్ గారి పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తాకు పోతుంటే, విద్యార్థులు బండికి కట్టిన గుర్రాలను విప్పేసి, తామే స్టేషన్ దాకా లాక్కుపోయారని అందరం చెప్పుకుంటాం. కానీ ఇదే వాల్తేరులో ఆయన చేసిన పని గురించి తక్కువ చెప్పుకుంటాం. ఆయన ఇక్కడికి రాగానే వెతికింది మంచి పంతుళ్లను. హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ లాంటి పడుచు మేధావులను ఎక్కడో బెంగాల్ నుంచి పిలిపించి ఈ పిల్లల ముందు నిలబెట్టారు. విశ్వవిద్యాలయం అంటే ముందు మనుషులు, తర్వాతే గోడలు అని ఆయనకు తెలుసు.

సైన్సు విషయానికొస్తే ఇంకా పాత కథ ఒకటుంది. 1892లో చంద్రశేఖర అయ్యర్ అనే లెక్చరర్ ఇక్కడి ఏవీఎన్ కాలేజీకి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చారు. ఆయన కొడుకు ఈ ఊరి బడిలోనే చదివి పదకొండో ఏట మెట్రిక్యులేషన్ దాటాడు. ఆ పిల్లవాడే తర్వాత సీవీ రామన్ అయ్యాడు. 1930లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇటు కృష్ణా జిల్లాలో పుట్టి, మా హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్న సూరి భగవంతం గారు 1928లో కలకత్తా పోయి అదే రామన్ దగ్గర శిష్యరికం చేశారు. 1932లో వాల్తేరుకు వచ్చి భౌతికశాస్త్రం పంతులయ్యారు. ఒక పంతులు కొడుకు ఈ ఊళ్లో పెరిగాడు, పోయాడు. ఆయన శిష్యుడు ఈ ఊరికే పంతులుగా వచ్చాడు. గురుశిష్య బంధం అంటే ఇట్లా తిరిగి తిరిగి అదే ఊరికి ఫలం ఇచ్చే చెట్టు. భగవంతం గారు పదిహేనేళ్లకు పైగా ఇక్కడే పాతుకుని పనిచేశారు. తర్వాత మా ఉస్మానియాకు వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. నిజాం కాలేజీ విద్యార్థి వాల్తేరులో పంతులై ఉస్మానియాకు పెద్ద దిక్కయ్యారు. చదువుకు సరిహద్దు రాళ్లు ఎవరూ పాతలేదు.

శిష్యులు తీర్చిన బాకీ

అదే భౌతికశాస్త్ర శాఖలో బరంపురం నుంచి వచ్చిన కోచర్లకోట రంగధామరావు గారు ఉండేవారు. కాంతిని విడగొట్టి పదార్థం లోగుట్టు తెలుసుకునే స్పెక్ట్రోస్కోపీ ఆయన విద్య. దశాబ్దాల పాటు ఇక్కడే ఉండి, ఒక్కో పరికరం కూడబెట్టి, ఒక్కో విద్యార్థిని తయారుచేసి, వాల్తేరును ఆ శాస్త్రానికి పేరున్న చోటుగా నిలబెట్టారు. 1972లో కన్నుమూశారు. ఆయన శిష్యులు ఏం చేశారో తెలుసా? విగ్రహం పెట్టి ఊరుకోలేదు. నిధి సమకూర్చి జాతీయ సైన్స్ అకాడమీకి ఇచ్చారు. ఆ నిధితో ఆయన పేరిట 1979లో స్మారకోపన్యాసం ఏర్పాటైంది. ఆ శాస్త్రంలో గొప్ప పని చేసినవారికి ఆ గౌరవం అందింది. గురువు పేరును గోడ మీద రాయకుండా పని మీద రాశారు. శిష్యులు తీర్చదగ్గ బాకీ ఇది.

రసాయనశాస్త్రంలో టీఆర్ శేషాద్రి గారున్నారు. తమిళదేశం నుంచి వచ్చి, 1930ల నడుమ నుంచి 1949 దాకా వాల్తేరులో ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. క్యాంపస్ మిలిటరీ చేతికి పోయింది, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. గాజు సీసాలు, గొట్టాలు, మందులు, అన్నీ సర్దుకుని పోయి ఇంకోచోట మొదటి నుంచి మొదలుపెట్టాలి. యుద్ధం అయ్యాక మళ్లీ వెనక్కి తేవాలి. ఆ కష్టంలో పంతులు, విద్యార్థి పక్కపక్కన నడిచారు. శేషాద్రి గారు తన జీవితకాలంలో వందమందికి పైగా పరిశోధకులను తయారుచేశారు. మలివయసులో గ్రాంట్లు ఆలస్యమైతే సొంత డబ్బు పెట్టి కుర్రవాళ్ల పని ఆగకుండా చూసుకున్న మనిషి ఆయన. అట్లాంటి గురువును ఏ శిష్యుడు మరిచిపోతాడు?

ఇక చిలుకూరి శాంతమ్మ గారి గురించి ఇక్కడివారికి నేను చెప్పనక్కర లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే మా దిక్కు పిల్లలకు తెలియాలి. 1929లో పుట్టారు. ఐదు నెలల పసికందుగా ఉన్నప్పుడే తండ్రి పోయారు. ఏవీఎన్ కాలేజీలో ఇంటర్ చదువుతుండగా 1945లో ఫిజిక్స్‌లో బంగారు పతకం అందుకున్నారు. ఇచ్చింది ఇందాక చెప్పుకున్న విక్రమదేవ వర్మ గారే. ఆడపిల్ల బడికి పోవడమే గొప్ప అనుకునే రోజుల్లో ఫిజిక్స్ చదివి, పరిశోధన చేసి, 1956లో అదే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరర్ అయ్యారు. 1989లో రిటైరయ్యారు. అంటే ముప్పైమూడేళ్లు ఒకే చోట పాఠం చెప్పారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేదు. 2022లో పత్రికలు ఆమె గురించి రాసేనాటికి వయసు తొంభైమూడు. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక రెండు ఊతకర్రల మీద నడుస్తూ, విశాఖ నుంచి అరవై కిలోమీటర్లకు పైగా బస్సులో పోయి, విజయనగరంలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో అప్పటికీ పాఠం చెప్పేవారు. సొంత ఇంటిని వైద్యసేవ చేసే ట్రస్టుకు రాసిచ్చి, తాను అద్దె ఇంట్లో ఉన్నారు. అక్కడ అప్పుడు వైస్ చాన్సలర్‌గా ఉన్న జీఎస్ఎన్ రాజు గారు ఒకప్పుడు ఆమె విద్యార్థే. ఇది చూడండి. శిష్యుడు పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. గురువుకు శాలువా కప్పి పంపించేయలేదు. ఆమెకు క్లాసు రూమ్ ఇచ్చారు, బ్లాక్‌బోర్డు ఇచ్చారు, ఎదురుగా పిల్లలను ఇచ్చారు. పంతులుకు ఇంతకు మించిన సన్మానం ఉందా?

శిష్యుడి ప్రశ్న, గురువు పేరు

ఇచ్చేది ఎప్పుడూ గురువే, పుచ్చుకునేది శిష్యుడే అనుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం కూడా వాల్తేరు విద్యార్థి ఒకరి కథలోనే ఉంది.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ప్రపంచమంతా సీఆర్ రావు అని పిలిచే గణాంకశాస్త్రవేత్త, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకున్నారు. 1941లో కలకత్తాలో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ల వయసులోనే అక్కడ పాఠాలు చెప్పేవారు. ఒకరోజు క్లాసులో ఒక సూత్రం వివరిస్తున్నారు. చేతిలో లెక్కకు మించిన సమాచారం ఉన్నప్పుడు మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే సూత్రం అది. వీఎం దాండేకర్ అనే విద్యార్థి లేచి, 'మరి సమాచారం కొద్దిగానే ఉన్నప్పుడు ఇట్లాంటి హద్దు చెప్పలేమా?' అని అడిగాడు. పంతులు కోప్పడలేదు. సిలబస్‌లో లేదు కూర్చో అనలేదు. ఇంటికి పోయి ఆ రాత్రే దాని పని పట్టాడు. ఆ సమాధానం 1945లో అచ్చయింది. క్రామెర్–రావు సూత్రంగా ఈనాటికీ ప్రపంచంలో గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకుంటున్నాడు. ఆ 1945 నాటి పనికే, నూట రెండేళ్ల వయసులో, 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న వెళ్లిపోయారు. ఆ ప్రశ్న దాండేకర్ అడిగిందేనని గురువుగారే స్వయంగా లోకానికి చెప్పారు.

మరి ఆ దాండేకర్ ఏమయ్యాడు? ఈ దేశంలో పేదలెందరు, పేదరికం అంటే ఎంత అని లెక్కకట్టిన ఆర్థికవేత్త అయ్యాడు. నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో ఆయన తెచ్చిన పుస్తకం లేకుండా మన దేశంలో పేదరికం మీద చర్చే లేదు. గురువు దగ్గర నేర్చిన లెక్కను శిష్యుడు బీదవాడి కంచం దాకా తీసుకుపోయాడు. ఎవరు ఎవరికి బాకీ? చెప్పలేం. అట్లా చెప్పలేకపోవడమే బంధం.

'ఏటిరా, బందు అయిపోనాదా?'

ఇప్పుడు పేరున్నవాళ్లను వదిలి పేరులేని ఒక సారు గురించి రెండు మాటలు. నేను డిగ్రీ చదివింది తెలంగాణలో, ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో. మాకు లెక్కలు చెప్పిన సారుది శ్రీకాకుళం దిక్కు. 'ఏటి', 'అయిపోనాది' అంటే క్లాసులో కిసకిస నవ్వేవాళ్లం. మేం వారానికి రెండు బందులు, నెలకొక రాస్తారోకో. జై తెలంగాణ అని అరిచి గొంతు పోయి, సాయంత్రం ఊరేగింపు ముగించుకుని వస్తుంటే, సారు గేటు దగ్గర నిలబడి, 'ఏటిరా, బందు అయిపోనాదా? ఆదివారం పుస్తకాలట్టుకుని రండి, పాఠం మిగిలిపోనాది' అనేవారు. మా నినాదం ఆయనకు వ్యతిరేకమనో, మేం పరాయివాళ్లమనో ఒక్క రోజు అనలేదు. మేం కూడా ఆయన్ని పరాయివాడని అనుకోలేదు. రాష్ట్రం మీద మా అభిప్రాయం మాది, ఆయన అభిప్రాయం ఆయనది. పాఠం మాత్రం అందరిదీ. ఆదివారం పూట రూపాయి తీసుకోకుండా చెప్పిన ఆ లెక్కలతోనే మా బ్యాచ్‌లో చాలామంది గట్టెక్కారు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సారు రిటైరై సొంత ఊరికి చేరారు. రాష్ట్రాలు రెండయ్యాయి గాని, మా బ్యాచ్‌లో ఎవరి ఇంట పెళ్లయినా, ఎవరికి ఉద్యోగం వచ్చినా మొదటి ఫోన్ ఇప్పటికీ ఆయనకే పోతుంది. నిన్న మీ ద్వారకా బస్ స్టేషన్‌లో దిగగానే ఎవరో 'ఏటి' అన్నారు. ఒకప్పుడు నవ్వొచ్చిన ఆ మాట నిన్న చెవికి ఎంత ఇంపుగా ఉందో చెప్పలేను.

బంధాన్ని ఎవరు తెంపుతున్నారు?

ఇంతవరకు చెప్పిన కథలన్నింటిలో ఒక దినుసు ఉమ్మడిగా ఉంది. భగవంతం గారికి పదిహేనేళ్లు, రంగధామరావు గారికి దశాబ్దాలు, శాంతమ్మ గారికి ముప్పైమూడేళ్లు. అందరికీ కుర్చీ ఉంది, నెలనెలా జీతం ఉంది, వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటాననే ధీమా ఉంది. ఆ ధీమా ఉన్న పంతులే విద్యార్థి పేరు గుర్తుపెట్టుకుంటాడు. ఆ ధీమా ఉన్న పంతులే ఆదివారం క్లాసు తీసుకుంటాడు. సిలబస్‌లో లేని ప్రశ్నకు రాత్రంతా మేలుకుంటాడు.

ఈనాడు పరిస్థితి ఏమిటి? రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ, డిగ్రీ కాలేజీల్లోనూ రిటైరైనవారి కుర్చీలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. చాలా శాఖలు కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్టు లెక్చరర్ల మీద నడుస్తున్నాయి. గంటకింత అని లెక్కకట్టి ఇస్తారు. సెలవుల్లో జీతం లేదు. జూన్ వస్తే మళ్లీ ఉంటామో లేదో తెలియదు. పీహెచ్‌డీ చేసి, నెట్ రాసి, పదిహేనేళ్లుగా గెస్టుగానే మిగిలిపోయినవాళ్లు మనలో ఎందరు లేరు? గెస్టు అంటే అతిథి. పదిహేనేళ్ల అతిథిని ఎక్కడైనా చూశామా?

ఇక కార్పొరేట్ కాలేజీల సంగతి. అక్కడ పంతులు పేరు ఫ్యాకల్టీ. ఈ నెల ఈ బ్రాంచి, వచ్చే నెల ఇంకో బ్రాంచి. విద్యార్థికి పేరుండదు, సెక్షన్ ఉంటుంది, ర్యాంకు ఉంటుంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు. ఇన్ని గంటలు ఒకే కప్పు కింద ఉన్నా, సారుది ఏ ఊరో పిల్లవాడికి తెలియదు, పిల్లవాడు రాత్రి ఎందుకు ఏడ్చాడో సారుకు తెలియదు. ఆ బ్యాచ్ ముప్పై ఏళ్ల తర్వాత ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుంటే ఎవరికి శాలువా కప్పుతుంది? హోర్డింగుకా?

బడుల్లో కొంత కదలిక వచ్చింది. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీలు వచ్చాయి. ఇవి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. నిరుద్యోగులు రోడ్డెక్కితే, లైబ్రరీల్లో ఏళ్లకేళ్లు ఎదురుచూస్తే వచ్చినవి. మరి కాలేజీలు, విశ్వవిద్యాలయాల సంగతి ఎవరు అడగాలి? పంతుళ్లు అడిగితే జీతాల కోసం అంటారు. విద్యార్థులు అడిగితే రాజకీయం అంటారు. మాట కాదనలేని వాళ్లు ఒక్కరే ఉన్నారు. పూర్వ విద్యార్థులు.

పూర్వ విద్యార్థి చేయాల్సిన పని

ఈ సభలో పోర్టు ఉద్యోగులున్నారు, స్టీలు ప్లాంటు ఉద్యోగులున్నారు, బ్యాంకుల వాళ్లున్నారు, రైల్వే వాళ్లున్నారు. మీ అందరి చేతిలో సర్టిఫికెట్ పెట్టింది ఒక సర్కారు పంతులు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో విద్యార్థులు రోడ్డెక్కి నవంబర్ 1న ఈ ఊళ్లో తూటాలకు ఎదురు నిలిస్తే, ఆ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ కోసం అడగగలిగిన ఊరు పంతులు కోసం అడగలేదా?

నేను చెప్పేది మూడు పనులు. ఒకటి, ఈసారి ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నప్పుడు మీ బడిలో, మీ కాలేజీలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో సమాచార హక్కు కింద అడిగి, ఆ కాగితాన్ని ఫ్లెక్సీ పక్కనే అతికించండి. 2005లో వచ్చిన చట్టం, మన చేతిలోనే ఉంది. రెండు, మెమెంటోల మీద పెట్టే డబ్బులో సగం తీసి, రంగధామరావు గారి శిష్యులు చేసినట్టు, మీ గురువు పేరిట ఒక చిన్న నిధి పెట్టండి. ఫీజు కట్టలేక చదువు ఆపేసే పిల్ల మీ ఊళ్లోనే ఉంటుంది. మూడు, మీకు పాఠం చెప్పిన సారుకో టీచరమ్మకో ఓపిక ఉంటే క్లాసుకు పిలవండి. శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టకండి, చాక్‌పీసు ఇచ్చి నిలబెట్టండి. విద్యార్థులు ఎదురుగా ఉంటే ఆమె మోకాళ్ల నొప్పి ఆమెకే గుర్తుండదు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మీకు పాఠం చెప్పే గెస్టు లెక్చరర్ గారి పేరేమిటో, ఆయనకు ఎన్ని నెలల జీతం బాకీ ఉందో కనుక్కోండి. రేపు ఆయన ధర్నాకు కూర్చుంటే పక్కన మీరూ కూర్చోండి. బంధం అక్కడి నుంచే మొదలవుతుంది. దాండేకర్ లాగా క్లాసులో లేచి ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నకు రాత్రంతా మేలుకునే పంతులు మీకు దొరకాలంటే, ఆ పంతులు రేపు పొద్దున కూడా అదే క్లాసులో ఉండాలి. ఉండేటట్టు చూసే బాధ్యత మనందరిది.